రోజూ పోయే తొవ్వకు జామీను

మా నకిరేకల్‌లో బర్రెకు ఇన్సూరెన్స్ ఉంది. ట్రాక్టర్‌కు ఉంది. పత్తి చేనుకు ఉందో లేదో ఎవరికీ సరిగ్గా తెలియదు కానీ ఉందనే అంటారు. సైకిల్‌కు ఇన్సూరెన్స్ అన్న మాట మాత్రం మా ఇంటి దాకా వచ్చేవరకు ఎవరూ వినలేదు. ఆ శనివారం సాయంత్రం ఏజెంటు సతీశ్ బ్యాగు సంకన పెట్టుకుని మా గల్లీలోకి వస్తుంటే, ఎదురింటి అండాలు పెద్దమ్మ చిక్కుడుకాయలు తుంచడం ఆపి మరీ అడిగింది.

"ఏం సతీశూ, హమీదు బర్రెను ఎప్పుడు కొన్నడు?"

"బర్రె కాదు పెద్దమ్మా, సైకిల్‌కు."

ఆమె నవ్వు మా వంటింటి దాకా వినబడింది.

నవ్వినందుకు ఆమెను అనడానికి లేదు. ఆ సైకిల్ ఇంటికి వచ్చిన రోజు మేమూ నవ్వాం. ఒంటి చేత్తో లేపితే లేస్తుంది. మా దాదీమా ఇక్బాల్ బీ దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "స్టాండు లేదు, క్యారియర్ లేదు, బెల్లు గూడ లేదు. సగం సైకిలే ఇచ్చిన్రా?" అంది. అదేమో పందేల సైకిల్. నా చెల్లెలు అతియాది. అతియాది అంటే పూర్తిగా ఆమెది కాదు. జిల్లా పోటీల్లో గెలిచాక పీఈటీ వెంకన్న సార్ ఆమెను హైదరాబాద్ తీసుకుపోయాడు. అక్కడ సైకిల్ తొక్కేవాళ్ల క్లబ్ ఒకటి దీన్ని ఆమెకు ఇచ్చింది. జాతీయ పోటీలు అయ్యేదాకా తొక్కుకోవచ్చు. ఒక్కటే షరతు, సైకిల్‌కూ దాన్ని తొక్కే మనిషికీ ఇన్సూరెన్స్ ఉండాలి. వెంకన్న సార్ ఆదివారం పొద్దున హైదరాబాద్ పోతున్నాడు. అతని చేతికి కాగితాలు ఇవ్వాలి, లేదంటే సైకిల్ ఇచ్చేయాలి.

అతియా రెండు రోజులుగా ఎవరితోనూ కొట్లాడలేదు. అంతగా భయపడుతోందన్నమాట.

మాది దూదేకే ఇల్లు. మాట్లాడేది తెలుగే. దాదీమా అన్న పిలుపు, దువాలు, పెళ్లిలో పాటలు మాత్రం ఉర్దూవి. ముందు గదిలో బాపు దుకాణం, దూది ఏకే మిషన్, గోడ పొడవునా చుట్టి పెట్టిన పరుపులు. బాపు వెంట్రుకలు తెల్లబడ్డాయో దూదే అంటుకుందో ఈద్ నాడు తలస్నానం చేస్తే తప్ప తెలియదు. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను కాబట్టి ఇంటికి ఏ కాగితం వచ్చినా చదివే పని నాదే. ఓపిక లేని మనిషికి ఆ పని ఎందుకు ఇచ్చారో వాళ్లకే తెలియాలి.

సతీశ్ పరుపు మీద కూర్చుంటూనే అందులోకి సగం దిగిపోయాడు. సర్దుకుని కాగితం తీశాడు.

"హమీద్ కాకా, ఇందుల ఏది కావాల్నో మీరే చూసుకోవాలె. మొదటిది, దొంగతనం."

"దొంగతనమా?" అన్నాడు బాపు ఉత్సాహంగా. "రాయి. గిసొంటి సైకిల్ జిల్లాల ఇంకోటి లేదట. దొంగ ఎత్తుకపోతె ఏ ఊర్ల తొక్కినా దొరుకుతడు, అయినా రాయి."

"తాళం ఉండాలె కాకా. రాత్రిపూట బయట పెట్టొద్దు."

"బయటనా? అది పరుపుల నడుమ పంటది. మేము చాపల మీద పంటున్నం," అంది దాదీమా.

రెండోది, పడితే విరిగితే. రిమ్ము వంగితే ఇస్తారా, టైరు అరిగితే ఇస్తారా అని బాపు ఒక్కొక్కటీ పట్టి పట్టి అడిగాడు. అరిగితే ఇవ్వరు, విరిగితే ఇస్తారు. "ఎలుక కొరికితె?" అని దాదీమా అడిగింది. మా ఇంట్లో అది న్యాయమైన ప్రశ్న. ఎలుకల నష్టం కంపెనీ ఒప్పుకోదన్నాడు సతీశ్. బర్రె చెవికి బిళ్ల కొట్టినట్టు దీనికెక్కడ కొడతారని కూడా అడిగింది. ఫ్రేమ్ కింద నంబరుంటుంది, అది చాలు అని అతను వంగి వేలు పెట్టి చూపించాడు. మూడోది నిప్పు, వరద. మూసీకి వరదొస్తే మన గడ్డ మీదికి ఎక్కుతుందా అని కాసేపు వాదన జరిగి, దూది ఉన్న ఇంట్లో నిప్పు మాత్రం తప్పకుండా రాయించుకోవాలని తేలింది. నాలుగోది, సైకిల్ తగిలి ఇంకొకరికి దెబ్బ తగిలితే. "అండాలుకు తగుల్తది, రాయి," అంది దాదీమా. అప్పటికి అందరం నవ్వుతున్నాం. అమ్మ చాయ్ తెచ్చి పెట్టింది. దొంగలు, నిప్పులు, వరదలు అన్నీ మా ఇంటి మీద పడుతుంటే మేం పండుగలా కూర్చుని ఎంచుకున్నాం.

"ఐదోది," అని సతీశ్ గొంతు సవరించుకున్నాడు. "సైకిల్ నడిపే మనిషికి ప్రమాద బీమా. చెయ్యో కాలో పోయినా, లేకుంటే నడిపే మనిషి..."

"ఆపు," అన్నాడు బాపు.

అమ్మ పొయ్యి మీద ఏదో ఉన్నట్టు లోపలికి వెళ్లింది. పొయ్యి మీద ఏమీ లేదు.

మా ఇంటి సంగతి చెప్పాలి ఇక్కడ. ఒక్క మా ఇల్లేమిటి, గల్లీ అంతా ఇంతే. మేం బియ్యం అయిపోయాయనం, నిండుకున్నాయంటాం. దీపం ఆరిందనం, కొండెక్కిందంటాం. గడప దాటేటప్పుడు పోత అనం, పోయొస్త అంటాం. నేను స్కూలుకు ఆలస్యమై ఎప్పుడైనా "నేను పోతున్న" అని ఉరికితే, దాదీమా గల్లీ చివరి నుంచి వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, పోయొస్త అని చెప్పించుకుని పంపేది. అలాంటి ఇంట్లో ఆ ఐదో మాట అచ్చు అక్షరాల్లో కూర్చుంది, దాని కింద సంతకం కోసం గీత గీసి ఉంది.

"గా ఒక్కటి ఇడిసిపెట్టి మిగతవన్నీ రాయి," అన్నాడు బాపు.

"క్లబ్బోళ్లు అడిగిందే గది కాకా. తతిమ్మవి లేకున్నా నడుస్తది. గది లేకుంటె సైకిల్ ఇయ్యరు."

"సైకిల్‌కు ఇన్సూరెన్స్ అంటివి, సైకిల్‌కు రాయి. నా బిడ్డ పానానికి నేను రేటు రాయించుకుంటనా?"

నాకు కోపం వచ్చింది. నాకు తొందరగానే వస్తుంది. "రాయకపోతె లారీలు ఆగుతయా బాపూ? రోజూ చీకటి ఉండంగనే హైవే పక్కకెంచి కేతేపల్లి దిక్కు పోయొస్తది. రాయించినా పోతది, రాయించకున్నా పోతది. రాయిస్తె ఏం తక్కువైతది?" అన్నాను. అందరూ నా వైపు చూసిన చూపుకు నా చాయ్ నేను తాగలేకపోయాను.

"ఎందరో రాయించుకుంటరు కాకా," అన్నాడు సతీశ్ మెల్లగా. "రాసినంత మాత్రాన జరుగుతదా?"

"రాస్తె జరగదు. నాకెరుక. జరిగితె ఏమైతదో గూడ ఎరుక." బాపు చెయ్యెత్తి దూది మిషన్‌ను చూపించాడు. "గది ఎట్లొచ్చిందో పిల్లలకు తెల్వదు. అడుగు, మా అమ్మను."

దాదీమా తల వంచుకుని కొంగు అంచును వేళ్లతో నలుపుతోంది. బాపే చెప్పాడు.

మా చిన్నాయిన జుల్ఫికర్ చనిపోయాడని నాకు తెలుసు. అప్పటికి నేను చిన్నపిల్లను, అతియా ఇంకా పుట్టలేదు. హైవే నాలుగు లైన్లు కాకముందు, సైకిల్ వెనక పరుపు కట్టుకుని కట్టంగూరు పోతుంటే లారీ కొట్టింది. అంతవరకే తెలుసు. ఆ లారీకి ఇన్సూరెన్స్ ఉండింది. నల్గొండ కోర్టుకు చాన్నాళ్లు తిరిగాక పైసలు వచ్చాయి. పెళ్లి కాని మనిషి కాబట్టి తల్లి చేతికే వచ్చాయి. దాదీమా వేలిముద్ర వేసి తీసుకుంది. అప్పటిదాకా బాపూ చిన్నాయినా విల్లుతో దూది ఏకేవాళ్లు. ఆ పైసలతో మిషన్ కొన్నారు.

"పొద్దున స్విచ్ ఏసినప్పుడల్ల నా తమ్ముడు యాదికొస్తడు," అన్నాడు బాపు. "గా మిషన్ మీదనే మీరందరు బువ్వ తిన్నరు, సదువుకున్నరు. ఒకసారి గసొంటి పైసలు తిన్న. మల్ల తినలేను. బిడ్డ పేరు మీద తింటనని ముందుగాల్నే సంతకం పెట్టి ఇయ్యాల్నా? నాతోని కాదు సతీశూ."

ఆ మిషన్ చప్పుడులోనే నేను ఎక్కాలు నేర్చుకున్నాను. నా బీఎడ్ ఫీజు అందులోంచే వచ్చింది. పరీక్షల ముందు చదువుకోనివ్వడం లేదని దాన్ని తిట్టని రోజు లేదు. ఇన్నేళ్లూ ఆ చప్పుడు బాపుకు ఏమని వినిపించిందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

అతియా లేచింది. పరుపుల మధ్య నుంచి సైకిల్‌ను బయటికి తీసి, తలుపుకు ఆనించి నిలబెట్టింది. "సారుకు వాపస్ ఇచ్చేద్దాం బాపూ. నాకొద్దు," అంది. ఏడవలేదు. టైరుకు అంటిన దూది పోగును తీస్తూ అక్కడే కింద కూర్చుంది. ఆ పిల్ల నిజంగానే ఇచ్చేస్తుందని నాకు తెలుసు. ఇచ్చేసి మళ్లీ ఆ మాటే ఎత్తదు. బాపు ఆమె వైపు చూడలేదు. అతని మొహంలో బాధ ఉంది, దాని వెనక కొంచెం నెమ్మది కూడా ఉంది. రేపటి నుంచి బిడ్డ ఇంట్లోనే ఉంటుంది.

సతీశ్ పెన్ను మూత పెట్టాడు.

"ఆగు కొడుకా," అంది దాదీమా. "గా ఐదోదాని పైసలు ఎవరి చేతికొస్తయ్?"

"నామినీ చేతికి దాదీమా. అంటె, మనం ఎవరి పేరు రాయిస్తె వాళ్ల చేతికి."

"నా పేరు రాయి."

సతీశ్ ఇబ్బందిగా కదిలాడు. "గట్ల రాయరు దాదీమా. జర వయసుల చిన్నోళ్లది రాస్తరు. మీదంటె... రేపు మీరు..."

"చెప్పు. నేను?"

అతనూ ఈ ప్రాంతంవాడే కదా, అనలేకపోయాడు. "మీరు పెద్దమనిషి గదా," అని ఊరుకున్నాడు.

"అందుకే రాయమంటున్న. దాని కంటె ముందుగాల నేను పోత."

పోత అంది. పోయొస్త అనలేదు. ఆమె నోట ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి. వంటింటి గడపలోకి అమ్మ వచ్చి నిలబడింది.

"తీసుకునేదాన్ని నేనే లేకపోతె, ఇంక ఇచ్చే పని ఎట్ల పడతది? ఇచ్చే పని లేదంటె, ఏం కాలేదన్నట్టే," అంది దాదీమా.

లెక్కల టీచర్‌ను నేను. ఆ లెక్క నిలబడదని నాకు తెలుసు. నామినీ లేకపోతే పైసలు వారసులకు పోతాయి, కాగితంలో పేరుకూ రోడ్డు మీద లారీకీ సంబంధం లేదు. సతీశ్‌కూ తెలుసు. చెప్పబోయి నా వైపు చూశాడు. నేను వద్దని తల ఊపాను.

దాదీమా బాపు వైపు తిరిగింది. "హమీదూ, నువ్వు తిన్న తిన్న అంటున్నవు. వేలిముద్ర ఏసింది ఎవరు? నేను. నీ పొయ్యి ఆరొద్దని ఏసిన. నీ పెండ్లాం కడుపుతోని ఉండె. నా కొడుకు పైసలు నా చేతితోని తీసుకొని నీ చేతుల పెట్టిన. నేను చేసింది తప్పా?"

"తప్పు లేదమ్మా," అన్నాడు బాపు.

"నా మనాది వేరే ఉన్నది. వాడు హైదరాబాద్ పోయినా, అజ్మీర్ పోయినా దండచేతికి ఇమామ్ జామిన్ కట్టి తోలిచ్చేదాన్ని. పచ్చ గుడ్డల రూపాయి పెట్టి కట్టి, సల్లగ చేరినంక గా రూపాయి బీదోళ్లకు ఇయ్యమని చెప్పేదాన్ని. గా దినం కట్టలే. కట్టంగూరు గదా! పొద్దుగాల పోయి మాపటికి వచ్చే తొవ్వ. రోజూ పోయే తొవ్వకు ఎవరు కడతరు రా?" కొంగు అంచును మళ్లీ వేళ్లతో నలిపింది. "దగ్గర్దే గదా అని ఇడిసిపెట్టిన. ఇన్నేండ్ల సంది గదే నా మనాది. ఇప్పుడీ పిల్ల రోజూ పోతది. నేను రోజూ కట్టలేను. గీ పిల్లగాడు తెచ్చిన కాయిదం దినాం కడతదట, ఏడాది పొడుగూత. దగ్గరి తొవ్వకు గూడ కడతదట. కట్టనియ్యి రా."

బాపు సతీశ్ చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు. సంతకం పెట్టే ముందు వేళ్లకున్న దూదిని లుంగీకి తుడుచుకున్నాడు. కాగితం మీద పెన్ను ఆనించి ఆగాడు. తర్వాత పేరంతా పెట్టాడు, అబ్దుల్ హమీద్ అని, పరుపుల రసీదుల మీద గీసే చిన్న గీత కాకుండా.

"నామినీ వయసు ఎంత రాయాలె?" అని సతీశ్ అడిగాడు. మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

"ఎక్కువనే రాయి," అంది దాదీమా. "జర కలిపి రాయి. వాళ్లకు నమ్మకం కుదరాలె."

ఆధార్ కార్డు చూసి రాస్తానని సతీశ్ నవ్వాడు. అతియా సైకిల్‌ను మళ్లీ పరుపుల మధ్యకు తోసింది. ఆ రాత్రి అన్నం దగ్గర నాతో కొట్లాడింది, నేను ఆమె కంచంలోంచి కోడిగుడ్డు తీశానట. నాకు ప్రాణం కుదుటపడింది.

ఆ మర్నాటి నుంచి ఇంట్లో రెండు పద్ధతులు మొదలయ్యాయి. ఎవరూ చెప్పుకుని మొదలుపెట్టినవి కావు. అతియా పొద్దున బయలుదేరే వేళకు దాదీమా లేచి, గడప దగ్గర మంచం వాల్చుకుని కూర్చునేది, ఆమె తిరిగి వచ్చేదాకా. బాపు దుకాణం తెరిచేవాడు, దూది మిషన్‌లో పోసేవాడు, స్విచ్ మాత్రం వేసేవాడు కాదు. అతియా వచ్చి, బూట్లు విడిచి, "వచ్చిన" అన్నాక వేసేవాడు. మా గల్లీలో మిషన్ చప్పుడు మొదలైందంటే అతియా ఇంటికి చేరిందని అర్థం. ఒకసారి టైరు పంక్చరై ఆమె ఆలస్యమైతే, చప్పుడు వినబడలేదని అండాలు పెద్దమ్మ చీపురు చేతిలోనే పట్టుకుని మా వాకిట్లోకి వచ్చేసింది. బర్రె అని నవ్విన మనిషే.

చలికాలంలో దాదీమాకు రొమ్ము పట్టేసింది. నల్గొండ దవాఖానలో పెట్టాం. ఊపిరి తీసుకోవడానికే కష్టపడుతూ, "నన్ను ఇంటికి తోలుకపోండ్రి, పొద్దుగాల అతియాకు గడపల ఎవరుంటరు?" అని ఒకటే పోరు. మేమంతా ఉన్నామంటే వినలేదు. మీరెవరు, కాయిదం మీద నా పేరుంది కదా అంది. పక్క మంచం ఆమెకు ఏ కాగితమో అర్థం కాలేదు. డాక్టరు తల పట్టుకున్నాడు. దాదీమా బక్కచిక్కి, నా చెయ్యి పట్టుకుని నడుస్తూ ఇంటికొచ్చి మంచంలో పడింది. మర్నాడు పొద్దున ఆ మంచాన్ని గడప దగ్గరికి జరిపించుకుంది.

పోయిన వారం సతీశ్ మళ్లీ వచ్చాడు. ఏడాది నిండింది, జాతీయ పోటీలు ఇంకా ముందున్నాయి, అందుకే రెన్యువల్. ఈ ఏడు అతియాకు పద్దెనిమిది దాటాయి కాబట్టి తన సంతకం తనే పెట్టుకోవాలి, నామినీ పేరు కూడా తనే రాసుకోవాలి. మంచంలో పడుకున్న దాదీమా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి బాపుతో అన్నాడు. "పేరు మార్చుకోవచ్చు కాకా. మీది రాస్తరా, అతియా అమ్మది రాస్తరా..."

అప్పటికే అతియా రాసేసింది.

"ఏందట?" అని దాదీమా మంచంలోంచి అడిగింది.

"ఎవరి పేరు రాయాల్నని అడుగుతున్నడు," అన్నాను నేను.

"ఎవరిది రాసింది?"

"నీదే దాదీమా," అంది అతియా.

దాదీమా కాసేపు పైకప్పు వైపు చూసింది. "నేను ముందుగాల పోత అని గదా పేరు రాయించుకున్న," అంది. తర్వాత నిట్టూర్చింది. "ఇప్పుడు పోదమంటె మీరు పోనిచ్చేటట్టు లేరు. ఇంకో ఏడాది ఆగాలె ఇగ."

బాపు ముఖం తిప్పుకుని దూది మూట విప్పడం మొదలుపెట్టాడు. అది నిన్ననే విప్పిన మూట.

ఈ పొద్దున మంచు బాగా ఉంది. అతియా హెల్మెట్ పట్టీ బిగించుకుని, సైకిల్ భుజాన వేసుకుని గడప దాటేముందు మంచం దగ్గర వంగింది. దాదీమా చెయ్యి దుప్పట్లోంచి బయటికి వచ్చి ఆమె దండచేతిని ఒకసారి పట్టుకుని వదిలింది. రూపాయి లేదు, గుడ్డ లేదు, ఉత్త చెయ్యే. లోపల బాపు మిషన్ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"దాదీమా, పోయొస్త."

"పోయిరా బిడ్డా. నేను ఈడనే ఉంట."